అందరూ ఎక్కేసినారు, రైట్

కుర్చీ చూపిస్తే ఆవిడకు కోపం వచ్చేది. "కూసోనేదానికి వచ్చినానా నేను?" అనేది.

చిత్తూరు కోర్టు వీధిలో నాదొక చిన్న అంగడి. జిరాక్సు మిషను ఒకటి, కంప్యూటరు ఒకటి, అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేసే నేనొకణ్ణి. వచ్చినవాళ్ళ కోసం మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెట్టాను. ఐదు డిసెంబర్లు దినామూ నా అంగడికి వచ్చిన ఆ మనిషి, ఒకే ఒక్కసారి తప్ప, వాటి మీద కూర్చున్న పాపాన పోలేదు. ఎడమచేత్తో షట్టరు పక్క కమ్మీ పట్టుకుని, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడేది. వీధిలో ఏ లారీ అయినా బ్రేకు వేస్తే ఆవిడ ఒళ్ళు దానంతటదే ముందుకు ఊగి మళ్ళీ వెనక్కి సర్దుకునేది. పాతికేళ్ళు చిత్తూరు–తిరుపతి బస్సులో కండక్టరుగా చేసిన ఒళ్ళు అది. రిటైరైందని ఆ ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నిన్న ఆవిడ చెల్లెలు వచ్చి ఒక గుడ్డసంచి నా బల్ల మీద పెట్టి పోయింది. అప్పట్నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. పొద్దున్నుంచి రెండు అఫిడవిట్లు తప్పులు కొట్టి వకీళ్ళ చేత తిట్లు తిన్నాను. ఆ సంచి సంగతి చెప్పాలంటే ముందు అక్క సంగతి చెప్పాలి. అక్క అనే పిలిచేవాణ్ణి. నాకంటే ఇరవై ఏళ్ళు పైనే పెద్దది, అయినా బస్సులో అందరూ పిలిచే పిలుపు అదే కదా.

రిటైరైన ఏడాది, నవంబరు ఆఖర్లో, పింఛను కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి మొదటిసారి వచ్చింది. తీసి ఇచ్చాను. కదలదు. వెనకున్న పెద్దమనిషికి దారి ఇవ్వదు సరికదా, ఆయన్నే "ముందుకి జరగండి సార్, లోపల కాళీగా ఉండాది" అంది. లోపల ఉన్నది నేనూ గోడా. ఆయన పాపం నిజంగానే జరిగాడు.

"నేను దినామూ ఒకటి రాయాలప్పా," అంది నాతో.

"డైరీనా అక్కా?"

"డైరీ అయితే నీతో పనేముండాది? అందురికీ కనపడాల. నెట్టులో రాస్తారంట గదా, బ్లాగో ఏందో. మా అన్నకూతురు వంటలు రాస్తాది. నాకు డిసెంబరు ఒకటి నుంచి జనవరి ఒకటి దాకా సాలు. ఆపైన వద్దు."

"ఆ నెలే ఎందుకక్కా?"

"పండగ సీజనప్పా! కిస్మస్సు, ముక్కోటి, కొత్త సంవత్సరం, అయ్యప్పసాములు, ఎర్రసీరలు కట్టుకోని గుడికి పోయే తమిళోళ్ళు. ఊరంతా యాడికో ఒక సోటికి పోతానే ఉంటాది. పాతికేండ్లు పండగంటే నాకు స్పెషల్ బస్సే. ఇంట్లో కూసోని ఒక్క పండగ తిన్నది లేదు. ఇప్పుడు కూసోమంటాండారు. కూసుంటే పిచ్చి లేస్తాది నాకు."

అట్లా మొదలైంది 'స్పెషల్ బస్సు'. పేరు ఆవిడే పెట్టింది. పొద్దున ఆరింటికల్లా బస్టాండుకు పోయేది. ఎవరు సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేశారు, ఆ తువ్వాలు తీసి పారేసిందెవరు, ఏ పిల్ల ఎవరి ఒళ్ళో వాంతి చేసుకుంది, అన్నీ చూసుకుని పదకొండింటికి నా అంగడికి వచ్చేది. ఆవిడ నిలబడి చెప్పడం, నేను టైపు చేయడం. మొదటి మాట ఎప్పుడూ "రైట్". ఆఖరి మాట ఎప్పుడూ "హోల్డాన్". బస్సు కదలమంటే రైట్, ఆగమంటే హోల్డాన్, ఇది మన రోడ్ల మీద పెరిగిన ప్రతి పిల్లకూ తెలిసిందే. ఆ రెండు మాటల మధ్య ఆవిడ ఊపిరి తీసుకునేది కాదు. కామా ఎక్కడ పెట్టాలో తెలియక నేను చచ్చేవాణ్ణి.

మొదట్లో నా పని తగ్గుతుందని ఆవిడ ఫోన్లోనే మాటలు చెబితే అక్షరాలు పడే ఏర్పాటు చేసి చూశాను. "ఈ పొద్దు సలి శానా ఉండాది" అంది అక్క. ఫోను "ఈ పద్దు సరి ఉండదు" అని రాసింది. "బస్టాండులో జనం ఉండాది" అంటే "జనం ఉండదు" అంది. అక్క గొంతు పెంచే కొద్దీ అది మరింత గట్టిగా ఉండదు, ఉండదు అంటూ పోయింది. "ఉండేదాన్ని ఉండదంటాదే ఈ పాడుది! దీనికి మాటలు నేర్పేదానికి మన తట్టు పిలకాయలు యాడా దొరకలేదా?" అని ఫోను నా బల్ల మీద పడేసింది.

నేనేమన్నా తక్కువవాణ్ణా? మొదటిరోజే 'ఉండాది'ని 'ఉంది' చేసి, 'సలి'ని 'చలి' చేసి, శుభ్రంగా అచ్చు భాషలో దించాను. తెర మీద చదువుకుని మొహం మాడ్చుకుంది.

"ఇదెవురు సెప్పినారు?"

"నువ్వే కదక్కా."

"నేను ఉండాది అనింటే నువ్వు ఉంది అని రాసినావు. నా టికెట్టు నువ్వు సింపుతావా?"

అప్పట్నుంచీ ఉండాది ఉండాదిగానే ఉండిపోయింది.

చదివేవాళ్ళు పది పన్నెండు మంది ఉండేవాళ్ళేమో. అందులో పలమనేరులో ఒక రిటైరైన డ్రైవరు. ప్రతి దానికింద 'శుభోదయం' అని గులాబీ బొమ్మ పెట్టేవాడు. "బండి తోలేటప్పుడు ఈయప్పకు నోరే లేదు, ఇప్పుడు పువ్వులు పంపిస్తాండాడు" అని విసుక్కునేది. ఒకరోజు పువ్వు రాకపోతే మాత్రం "ఫోన్ సెయ్యి, బతికుండాడో లేదో సూడు" అని నా ప్రాణం తీసింది. ఒక ఏడాది విపరీతమైన జ్వరంతో, తలకు మంకీ క్యాపు పెట్టుకుని వణుక్కుంటూ వచ్చింది. పోమ్మా ఇంటికి అంటే వినదు. "స్పెషల్ బస్సు క్యాన్సిలంటే జనం రాళ్ళేస్తారు" అంది. ఆ జనం ఆ పన్నెండు మందే.

ఫోను తెర తిప్పాలంటే బొటనవేలు నాలుకకు అద్దుకునేది, టికెట్ల పుస్తకం తిప్పినట్టు. తెర పాడైపోతుందక్కా అంటే "గమ్మునుండప్పా" అనేది. పెళ్ళి భోజనాల్లో వరస కట్టినవాళ్ళను వెనక నుంచి తోసేది. ఏదీ తేల్చుకోలేని మనుషులంటే ఆవిడకు ఒళ్ళుమంట. "ఫుట్‌బోర్డు మీద యాలాడొద్దు. ఎక్కేటోడివైతే ఎక్కు, దిగేటోడివైతే దిగు." ఎదురంగడి గుమాస్తా పెళ్ళి చేసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతుంటే అతనికీ ఇదే చెప్పింది, నేను అంగడి మారుద్దామా అని గొణిగితే నాకూ ఇదే.

ఇంకొకటుంది ఆవిడ దగ్గర. మొహాలు గుర్తుండేవి కావు, గొంతులు గుర్తుండేవి. రెండో ఏడాది ఒకసారి నా దగ్గర నిలబడి చెబుతూ ఉంది, వీధిలో ఎవరో "ఒక జిరాక్సు ఎంతప్పా?" అన్నారు. ఈవిడ వెనక్కి తిరగనైనా తిరగకుండా "నువ్వు పాకాల పాలాయనవి గదా?" అంది. ఆయన నోరు తెరిచాడు. "కిక్కిరిసిన బస్సులో మొగం యాడ కనపడతాదప్పా? గొంతే మాకు దిక్కు" అంది నాతో. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకో చెబుతాను.

మొదటి ఏడాది, డిసెంబరు ఇరవై నాలుగు. ఆ రోజు ఆవిడ చేతిలో ఈ గుడ్డసంచి ఉంది. కమ్మీ పట్టుకోలేదు. సంచిని రెండు చేతులా పట్టుకుని నిలబడి "రైట్" అంది. నేను కొట్టాను.

"పదమూడేండ్ల కిందట ఇదే దినం. మద్యాన్నం బస్సు, తిరుపతికి. సూది మోపను సందు లేదు. చిత్తూరులో ఒక పెద్దాయన ఎక్కినాడు, చంద్రగిరికి టికెట్టు. ముందర సీట్లో కూసున్నాడు, ఒళ్ళో గుడ్డసంచి. పైన పెట్టు తాతా అంటే పెట్టలా. మనవరాలికి కిస్మస్సు గౌనంట, నలిగిపోతాదంట. తెరిసి నాకు సూపించినాడు. నీలం గౌను, మెడకు తెల్ల లేసు. నేండ్రగుంట తావ టీకి ఆపినాడు డ్రైవరు. పెద్దాయన సంచి సీట్లో పెట్టి దిగినాడు, నేను సూడలా. నడిమధ్యలో ఇరుక్కోని ఉండా, ముందరా కనపడదు, వెనకా కనపడదు. అందురూ ఎక్కినారా అని అరిసినా. వెనక ఫుట్‌బోర్డు మీద నుంచి ఎవురో ఒక పిల్లోడు, 'అందరూ ఎక్కేసినారక్కా, రైట్' అన్నాడు. నేను విజిల్ ఊదినా."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమప్పా, నిలిపేసినావు?"

"కీబోర్డు పట్టేసిందక్కా," అన్నాను.

ఆ పిల్లోణ్ణి నేనే. పందొమ్మిదేళ్ళ వయసు, తిరుపతిలో మ్యాట్నీకి స్నేహితులు ఎదురుచూస్తున్నారు, అప్పటికే ఆలస్యం. ఇందులో అక్క చెప్పనిది ఒకటుంది, నాకు మాత్రమే తెలిసినది. నేను ఆ పెద్దాయన్ను చూశాను. తెల్లపంచె, టీ అంగడి వెనక కుళాయి దగ్గర వంగి మొహం కడుక్కుంటున్నాడు. పొరబాటున అరవలేదు, చూసే అరిచాను. వెనక బస్సుకు వస్తాడులే అనుకున్నాను. బస్సు కదిలాక ఆయన తిరిగి తడిచెయ్యి పైకెత్తాడు. ఆ రోజు ఏ సినిమా చూశానో ఇప్పుడు గుర్తులేదు, ఆ తడిచెయ్యి మాత్రం గుర్తుంది. సీట్లో సంచి ఉండిపోయిందనీ, అందులో గౌను ఉందనీ నాకు తెలిసింది మాత్రం నా అంగట్లో, నా వేళ్ళతో నేనే కొడుతుండగా.

అక్క చెబుతూనే ఉంది. చంద్రగిరిలో చూస్తే సీట్లో సంచి ఉంది, మనిషి లేడు. తిరుగు ట్రిప్పులో నేండ్రగుంటలో దిగి అడిగితే, కాసేపు బస్సు వెనక పరిగెత్తి, తరవాత చంద్రగిరి తట్టు నడుచుకుంటూ పోయినాడని చెప్పాడంట టీ అంగడాయన. ఊరు తెలియదు, పేరు తెలియదు. సంచి కోసం ఎవరూ రాలేదు. అప్పట్నుంచి ప్రతి క్రిస్మస్ రోజూ డ్యూటీ దిగిన వెంటనే, రూపాయి కాసంత బొట్టుతో, చేతిలో ఈ సంచితో, చంద్రగిరి చుట్టుపక్కల చర్చిలన్నీ తిరిగేది. పాస్టర్లకు ఈవిడ 'సంచమ్మ'. పిలిచి కేకు పెట్టేవాళ్ళు. ఆ పాప మాత్రం దొరకలేదు.

"ఇప్పుడా పాప పెద్దదై ఉంటాది. ఈ కాలం పిలకాయలు ఫోన్ సూడకుండా ఉంటారా? ఒగనాటికి నా బస్సు ఆ పిల్ల కంట్లో పడకపోదు."

"దానికి ఈ ఒక్క రోజు రాస్తే చాలదా అక్కా? నెలంతా ఎందుకు?" అన్నాను.

"ఒక్క దినం వచ్చే బస్సుకు ఎవురు కాసుకోనుంటారప్పా? దినామూ పోతాంటేనే జనం నిలబడతారు. హోల్డాన్."

నాలుగేళ్ళు, నాలుగు ఇరవై నాలుగులు, ఆ వాక్యం నేను కొట్టాను. 'ఎవురో ఒక పిల్లోడు' అన్నచోట గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూనే కొట్టాను. ఒక ఏడాది ఆ రోజు అంగడి మూసేస్తే నేరుగా ఇంటికొచ్చి తలుపు తట్టింది. ఒకసారి తెగించి "అక్కా, ఆ పిల్లోడు..." అన్నాను. "ఆఁ, ఆ పిల్లోడు?" అంది. "ఇప్పుడు పెద్దోడై ఉంటాడు కదా" అన్నాను. "ఉంటాడు, పెండ్లి కూడా అయ్యుంటాది" అంది. నాకు పెళ్ళయి అప్పటికి ఏడేళ్ళు. మళ్ళీ కీబోర్డు మీదికి వంగాను. ఇరవై ఐదున ఆవిడ సంచి పట్టుకుని చంద్రగిరి బస్సెక్కుతుంటే నేను ఇంట్లో బిర్యానీ తిన్నాను.

పోయిన డిసెంబరులో ఆవిడకు కంటి ఆపరేషనైంది. నల్లద్దాలు పెట్టుకుని వచ్చేది. తెర మీద చదవలేదు కాబట్టి కొట్టినదంతా నేను పైకి చదివి వినిపించాలి. ఇరవై నాలుగున చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గించాను.

"గట్టిగా సదువప్పా. ఆ పిల్లోడు అరిసినాడు, గొణగలా."

చదివాను.

"ఇంగా గట్టిగా."

ఏమైతే అదైందని అరిచాను. "అందరూ ఎక్కేసినారక్కా, రైట్!"

ఎదురంగడి గుమాస్తా తల బయటికి పెట్టి చూశాడు. అక్క చెయ్యి కమ్మీ మీద నుంచి జారింది. అటూ ఇటూ తడుముకుని, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, కూర్చుంది. ఐదేళ్ళలో అదే మొదలు, అదే ఆఖరు. నల్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా తెర వైపే చూస్తున్నాను.

"ఆ మాట తీసెయ్యప్పా," అంది చివరికి.

"ఏ మాటక్కా?"

"ఫుట్‌బోర్డు పిల్లోని మాట. ఎవురో అరిసినారని కండక్టరు విజిల్ ఊదుతాదా? తలకాయలు ఎంచుకోవాల్సింది నేను. తీసెయ్."

తీసేశాను. నాలుగేళ్ళు ఆ వాక్యం దగ్గర మొరాయించిన వేళ్ళు దాన్ని చెరపడానికి మాత్రం ఎంత చురుగ్గా కదిలాయో! మళ్ళీ చదివాను. పెద్దాయన దిగినాడు, నేను సూడలా, విజిల్ ఊదినా. మధ్యలో ఎవడూ లేడు.

"ఆఁ. హోల్డాన్," అని లేచింది. మెట్టు దగ్గర ఆగి, "నేండ్రగుంటలో ఆ టీ అంగడి ఇంగా ఉండాది. ఎప్పుడన్నా పోయి టీ తాగప్పా" అని చెప్పి వెళ్ళిపోయింది.

నిజం చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. నేను అడగనే లేదు, క్షమించడానికి ఈవిడెవరు? గొంతు గుర్తుపట్టింది, పాపం పసివాడు పొరబాటున అరిచాడు అనుకుంది, వదిలేసింది. పొరబాటు కాదని ఆవిడకు తెలియదు కదా! చూశానని తెలిస్తే వదిలేసేదా? ఏడాదంతా అదే తొలిచింది నన్ను. ఈ డిసెంబరుకు చెప్పేద్దాం, ఇరవై నాలుగున ఆవిడ 'రైట్' అనకముందే చెప్పేద్దాం అనుకున్నాను. కానీ డిసెంబరు రాకముందే, మామిడికాయల లారీలతో రోడ్లు నిండిపోయిన కాలంలో, ఒక పొద్దున బస్టాండుకు బయలుదేరుతూ ఇంటి గడపలోనే ఆవిడ గుండె ఆగిపోయింది.

నిన్న చెల్లెలు సంచి పెట్టి వెళ్ళబోతుంటే ఆపాను. "ఇది నాకెందుకమ్మా? మీ ఇంట్లోనే ఉండనీ."

"అక్క సెప్పింది నాయనా. నేను పోతే డిసెంబరు వస్తానే టైపు ఆయప్పకు ఇచ్చెయ్యి అనింది."

"ఎందుకంట?"

"ఏమో. నేనూ అడిగినా. 'ఫుట్‌బోర్డు మీద ఉండేటోనికి బయట కనపడతాది, ఆయప్పకు ఆ తాత మొగం తెలుసు, ఎతికితే ఆయప్పే ఎతకాల' అనింది. నాకైతే ఒక ముక్క అర్తం కాలా."

ఆమె పోయాక నేను నా అంగట్లో నా కుర్చీలో కూర్చోలేకపోయాను. తెలుసు. ఆవిడకు అంతా తెలుసు. చూశానని తెలిసే ఆ వాక్యం తీయించింది. తెలిసే నేండ్రగుంట టీ తాగమంది. మహాతల్లీ, ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి కదా అని ఆ సంచి పట్టుకుని గట్టిగానే ఏడ్చాను.

ఈ రోజు డిసెంబరు ఒకటి. ఇరవై నాలుగు దాకా ఆగడం నా వల్ల కాదు. పదకొండింటికి బ్లాగు తెరిచాను. కుర్చీ పక్కకు తోసి నిలబడే కొట్టాను. రైట్ అని మొదలుపెట్టి, పోయిన ఏడాది తీసేసిన వాక్యాన్ని తెచ్చి దాని చోట దాన్ని పెట్టాను. 'ఎవురో ఒక పిల్లోడు' తీసేసి అక్కడ నా పేరు, ఇంటిపేరుతో సహా కొట్టాను. దాని కింద, అక్క మాటలోనే: 'పెద్దాయన్ను నేను సూసినా. సూసే అరిసినా. గౌను సంచి నా తావ ఉండాది. కిస్మస్సు దినం చంద్రగిరి చర్చిలకాడికి నేనే తెస్తా.' ఉండాది కింద కంప్యూటరు ఎర్రగీత గీసింది. గీయనీ అనుకున్నాను.

ఇంక ఒక్క మాట మిగిలింది. ఐదేళ్ళు ఆవిడ చెబుతుంటే దినామూ కొట్టిన మాటే. దాని మీద వేళ్ళు పెట్టాక తెలిసింది, ఆ రోజు ఫుట్‌బోర్డు మీద నుంచి, ఆ తడిచెయ్యి చూసి నేను అరవాల్సిన మాట అదేనని. పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా, ఎదురంగడి గుమాస్తా మళ్ళీ తల బయటికి పెట్టేటంత గట్టిగా అరుస్తూ కొట్టాను.

హోల్డాన్.